1973 బుల్లెట్ 350 ఇంజిన్ ఇంట్లోనే విప్పుతున్నాం: బోరు ముందా, క్రాంకు ముందా?

పటమట_కిక్కర్

అందరికీ నమస్కారం. బండి 1973 బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ బ్లాకు, పాయింట్ల (ప్లగ్గు స్పార్కును నడిపే పాత రకం స్విచ్చు) ఇంజిన్. చాలా ఏళ్లుగా కదలకుండా ఉంది. విప్పకముందు ఒకసారి స్టార్ట్ చేసి చూశాం: నీలం పొగ, కిక్కులో బలం తక్కువ, యాక్సిలరేటర్ ఇచ్చి వదిలేటప్పుడు కింద నుంచి దడదడ శబ్దం. ఇప్పటికి హెడ్డు, బ్లాకు, పిస్టన్ విప్పాం. ప్రైమరీ వైపు క్లచ్చు, చైను బయటికి వచ్చేశాయి.

అడగాల్సినవి:

1. టైమింగ్ వైపు, అంటే కామ్‌లు, ఆయిల్ పంపులు ఉండే వైపు, క్రాంకు (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్టు) చివర ఉన్న నట్టు ఎంత బలం పెట్టినా రావడం లేదు. పైపు తొడిగి లాగితే సాకెట్ జారుతోంది. వేడి చేయాలా?

2. ఆటోనగర్‌లో చూపిస్తే "బోరు కొట్టి (సిలిండర్ లోపలి గోడను కోసి పెద్దది చేసి) కొత్త పిస్టన్ వేస్తే సరిపోతుంది, క్రాంకు జోలికి వెళ్లొద్దు" అన్నారు. కానీ శబ్దం కింద నుంచి వస్తోంది. ఏం చేయమంటారు?

3. క్రాంకు విప్పితే పాత బుష్షే వేయాలా, రోలర్ బేరింగ్ కన్‌రాడ్ కిట్ వేయాలా?

లేత్_బెంచ్_విజయవాడ

ముందు ఆ పైపు పక్కన పెట్టండి. అది ఎడమ మర. ఆయిల్ పంపుల్ని తిప్పే వర్మ్ (స్క్రూ లాంటి గేరు) ఆ నట్టు మీదే ఉంటుంది. మామూలు నట్టుకు ఎదురు దిక్కులో, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఇప్పటిదాకా మీరు బిగిస్తూనే ఉన్నారు. వర్మ్ పళ్లు చెడిపోయాయేమో చూడండి. పళ్ల అంచు ఎగిరిపోయి ఉంటే నట్టు మార్చాల్సిందే. ఆ వర్మ్ పళ్లు కోసుకుపోతే పంపులు ఆగిపోతాయి, ఇంజిన్ మాత్రం పది నిమిషాల పాటు ఏమీ తెలియనట్టే తిరుగుతుంది.

క్రాంకు తిరగకుండా ఆపడానికి కన్‌రాడ్ పై కన్నులో గట్టి ఇనుప కడ్డీ దూర్చి, క్రాంక్‌కేసు మూతి మీద రెండు పక్కలా చెక్కముక్కలు పెట్టి దాని మీద ఆన్చండి. అల్యూమినియం మీద నేరుగా ఆన్చితే ప్యాకింగ్ ముఖం గంటు పడుతుంది. సాకెట్ జారుతోందంటే అది మిల్లీమీటర్ సాకెట్ అయి ఉంటుంది. ఈ ఇంజిన్‌లో చాలా చోట్ల ఇంగ్లీషు కొలతలే. బీఎస్ఎఫ్ (బ్రిటిష్ సన్న మర), అంగుళానికి 26 మరల సైకిల్ త్రెడ్డు కలిసి ఉంటాయి. విట్‌వర్త్ స్పానర్ల సెట్టు ఒకటి కొనుక్కోండి. "దగ్గర దగ్గర సరిపోయే" మిల్లీమీటర్ రింగు స్పానరే సగం నట్ల మూలలు గుండ్రంగా చేసేది.

ఇక రెండో ప్రశ్న. కన్‌రాడ్‌ను పైకి తెచ్చి, రెండు చేతులతో నిలువుగా పైకీ కిందికీ లాగండి. క్రాంక్‌కేసు లోపల ఆయిల్ ఉంటే ముందు డీజిల్ పోసి కడిగి ఆరబెట్టి చూడాలి. చిక్కటి ఆయిల్ పొర ఉంటే ప్లే తెలియదు. నిలువుగా "టక్" మని కొంచెం తగిలినా బిగ్ ఎండ్ (కన్‌రాడ్ కింది చివర, క్రాంక్‌పిన్ మీద తిరిగే చోటు) పోయినట్టే. పక్కలకు కదలడం మాత్రం సహజం, దాన్ని చూసి కంగారు పడొద్దు.

శబ్దం యాక్సిలరేటర్ వదిలేటప్పుడు వచ్చిందన్నారు. పిస్టన్ చప్పుడైతే చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ వినిపించి, వేడెక్కాక తగ్గుతుంది. బిగ్ ఎండ్ అయితే వేడెక్కేకొద్దీ ఎక్కువవుతుంది, లోడు మారేటప్పుడు బాగా తెలుస్తుంది. ఇది రెండోదే అనిపిస్తోంది. అలా అయితే కొత్త బోరు, కొత్త పిస్టన్ వేసినా, కింద ఉన్న వదులు కన్‌రాడ్ కొద్ది రోజుల్లోనే మళ్లీ విప్పిస్తుంది. క్రాంకు బాగు చేశాకే బోరు.

గుంటూరు_350

పై మాటలన్నీ నిజమే. మూడో ప్రశ్న దగ్గర మాత్రం మా వాదన కొంచెం వేరు.

ఈ బండికి కంపెనీ ఇచ్చింది ఫ్లోటింగ్ బుష్. క్రాంక్‌పిన్ మీదా కన్‌రాడ్ కన్నులోనూ రెండు వైపులా తిరిగే ఉక్కు బుష్, రెండు ముఖాలకూ వైట్‌మెటల్ పూత. శుభ్రమైన ఆయిల్ సరిపడా అందుతుంటే అది చప్పుడు లేకుండా చాలా ఏళ్లు నడుస్తుంది. అది చచ్చేది రెండింటి వల్లే: ఆయిల్ అందకపోవడం, టాప్ గేరులో తక్కువ స్పీడులో ఇంజిన్‌ను ఈడ్పించడం. నలుగురు ఎక్కి సందులోనే నాలుగో గేరు వేసే అలవాటు దాన్ని తినేస్తుంది.

రోలర్ కిట్ ఆయిల్ కొంచెం తక్కువైనా ఓర్చుకుంటుంది. కానీ అది పోయేటప్పుడు ముక్కలై పోతుంది. బుష్ పోతే మెత్తటి లోహపు పొడి వస్తుంది, రోలర్ పోతే ఉక్కు ముక్కలు పంపుల్లోకి వెళ్తాయి. కిట్ నాణ్యత కూడా చూసుకోవాలి. కన్‌రాడ్ కన్ను గట్టిపరిచిందా లేదా అన్నది కంటికి కనిపించదు.

రోజూ ఆఫీసుకు, హైవే మీద గుంటూరు–విజయవాడ తిరగడానికైతే రోలర్ వేయండి. అసలు రూపంలో ఉంచాలనుకుంటే, వారానికోసారి నడిపేదైతే బుష్షే. ఆయిల్ దారి మాత్రం ఏది వేసినా బాగు చేయాల్సిందే.

లేత్_బెంచ్_విజయవాడ

@గుంటూరు_350 గారు, బుష్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు దొరికే బుష్‌ల పూత మీదే నమ్మకం తక్కువ. అందుకే రోలర్ అంటాను. ఎవరి పని వాళ్లది.

ఏది వేసినా ప్రెస్సింగ్ షాపు నుంచి క్రాంకు తెచ్చుకునే ముందు అక్కడే నిలబడి రెండు చూడండి.

ఒకటి, ఆయిల్ రంధ్రం. టైమింగ్ వైపు షాఫ్టు చివర నుంచి ఫ్లైవీల్ గుండా క్రాంక్‌పిన్‌లోకి దారి ఉంటుంది. పిన్ను వేసేటప్పుడు దాని రంధ్రం ఫ్లైవీల్ రంధ్రానికి ఎదురుగా రాకపోతే ఆ దారి మూసుకుపోతుంది. షాఫ్టు చివర ఆయిల్ క్యాన్ మూతి పెట్టి నొక్కితే బిగ్ ఎండ్ పక్కల నుంచి ఆయిల్ ఊరాలి. ఊరకపోతే ఆ క్రాంకు తీసుకోవద్దు. ప్రెస్ చేయకముందే ఆ దారిలో పేరుకున్న నల్లటి మడ్డిని సన్నటి కడ్డీతో పొడిచి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టించాలి. ఇన్నేళ్లు నిలిచిన ఇంజిన్‌లో అక్కడ మడ్డి తప్పకుండా ఉంటుంది.

రెండోది, ట్రూయింగ్, అంటే రెండు షాఫ్టులూ ఒకే గీతలో వంకర లేకుండా తిరగడం. రెండు షాఫ్టులనూ వీ-బ్లాకుల మీద లేదా లేత్ సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో చూడమనండి. 0.05 మి.మీ. దాటకూడదు. 0.02, 0.03 లోపల తెచ్చే వాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు, లారీ క్రాంకులు మాత్రమే చేసే షాపుకు మాత్రం ఇవ్వకండి. "చేత్తో తిప్పితే బాగానే తిరుగుతోంది" అన్న మాట వినొద్దు. 0.15 తేడా ఉన్నా చేత్తో బాగానే తిరుగుతుంది. ఆ తేడా బండి ఫుట్‌రెస్టుల మీద తెలుస్తుంది.

పటమట_కిక్కర్

నట్టు వచ్చేసింది, అటు తిప్పగానే! వర్మ్ పళ్లు బాగానే ఉన్నాయి. కన్‌రాడ్‌కు నిలువు ప్లే స్పష్టంగా ఉంది. కాబట్టి క్రాంకు విప్పిస్తున్నాం.

బోర్ గేజ్‌తో కొలతలు (మి.మీ.లో) తీశాం. పిస్టన్ మీద స్టాండర్డ్ (అంటే అసలు 70.00 బోరు) అని ఉంది.

పైన, రింగు ఆగే చోట: ముందు-వెనక 70.24, అడ్డంగా 70.15
మధ్యలో: 70.17, 70.11
కింద: 70.04, 70.03

టైమింగ్ కవర్ లోపల వర్మ్ నట్టు ఎదురుగా ఒక చిన్న కార్క్ ముక్క పొడి పొడిగా వచ్చింది. అది ఏమిటి? అవసరమా?

గుంటూరు_350

మీ ఇంజిన్ చప్పుడుకు జవాబు ఆ కార్క్ ముక్కే కావచ్చు.

ఫీడ్ పంపు నుంచి ఫిల్టర్ దాటి వచ్చిన ఆయిల్, టైమింగ్ కవర్ నుంచి తిరిగే క్రాంకు షాఫ్టులోకి వెళ్లాలి. కవర్ కదలదు, షాఫ్టు తిరుగుతుంది. వాటి మధ్య ఆయిల్ బయటికి పోకుండా ఆపేది ఆ కార్క్ సీలే. అది పొడైపోతే ఆయిల్ షాఫ్టులోకి వెళ్లకుండా టైమింగ్ ఛాంబర్‌లోకి కారిపోతుంది. పైన రాకర్లకు ఆయిల్ వస్తూనే ఉంటుంది, మెకానిక్ అక్కడి బాంజో (ఆయిల్ పైపును పట్టే బోల్టు) వదులు చేసి చూసి "ఆయిల్ బాగుంది" అంటాడు. బిగ్ ఎండ్ మాత్రం ఎండిపోతుంది.

కొత్త సీల్ వేసేటప్పుడు రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టండి. కవర్ బిగించేటప్పుడు అది కొంచెం నొక్కుకోవాలి. నట్టు చివర కొంచెం గ్రీజు రాసి కవర్ పెట్టి తీసి చూస్తే సీల్ మీద గుండ్రటి ముద్ర పూర్తిగా పడాలి. సగం ముద్రే పడితే సీల్ వంకరగా కూర్చుంది.

అదే కవర్‌లో ఇంకా కొన్ని పనులు. ఫిల్టర్ కొత్తది వేయండి. పంపు డిస్కులు రెండూ తీసి ముఖాలు చూడండి. గీతలుంటే గాజు పలక మీద సన్నటి వాల్వ్ పేస్టు వేసి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాలి. ముఖమంతా ఒకే బూడిద రంగు రావాలి. తర్వాత పేస్టు రేణువు ఒక్కటి కూడా మిగలకుండా కడగాలి, లేకపోతే పంపును మీరే అరగదీసినట్టు. డిస్కు వెనక స్ప్రింగులు బలహీనంగా ఉంటే మార్చండి. డిస్కు సరిగా కూర్చోకపోతే బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ ట్యాంకులోని (పెట్రోలు ట్యాంకు కాదు) ఆయిల్ అంతా క్రాంక్‌కేసులోకి జారిపోతుంది.

సిలికాన్ గురించి గట్టిగా చెబుతున్నా. ఆయిల్ క్రాంక్‌కేసు నుంచి టైమింగ్ కవర్‌లోకి ప్యాకింగ్‌లోని రంధ్రాల గుండానే పోతుంది. కొత్త ప్యాకింగ్‌లో ఆ రంధ్రాలు సరిగా తెరిచి ఉన్నాయో లేదో కవర్ మీద పెట్టి చూడండి. సిలికాన్ దట్టంగా పూస్తే లోపలికి పిండుకొచ్చి ముద్దలై ఆ దారి మూస్తుంది. ప్యాకింగ్‌కు గ్రీజు పలచగా రాస్తే చాలు. ఎర్ర సిలికాన్ బయటికి కారిన టైమింగ్ కవర్ చూస్తే లోపల ఏముందో భయం వేస్తుంది.

బోరు గురించి బెంచ్ గారు చెబుతారు.

లేత్_బెంచ్_విజయవాడ

పైన 0.24 అరుగుదల, ఓవల్ 0.09. పాత మాన్యువల్ లెక్కలో 8 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.20 దాటితే బోరు. కాబట్టి మొదటి ఓవర్‌సైజు, 20 థౌ, అంటే అర మిల్లీమీటరు. ఒకే బోరుతో శుభ్రం అవుతుంది, స్టాండర్డ్ నుంచి మొదటిసారి కాబట్టి తర్వాత ఇంకా బోరు కొట్టే వీలుంది.

ముందు పిస్టన్ కొనండి, తర్వాత బ్లాకు ఇవ్వండి. "70.50 కొట్టండి" అని చెప్పి రావొద్దు. పిస్టన్ స్కర్టు (రింగుల కింద ఉండే గోడ) కింది భాగంలో, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి క్లియరెన్సు కలిపి ఆ కొలతే షాపుకు ఇవ్వాలి. పిస్టన్ పెట్టెలో చీటీ ఉంటే దానిలో ఉన్న అంకె. లేకపోతే కాస్ట్ ఐరన్ బ్లాకుకు 0.08 నుంచి 0.10. మన మే నెల ఎండల్లో 0.05 పెట్టిన వాళ్ల పిస్టన్‌లు మొదటి వారంలోనే పట్టేస్తాయి.

బోరు పని బాగా అయ్యిందో లేదో హోనింగ్ (రాళ్లతో బోరు గోడను చివరిగా రుద్దడం) గీతలు చెబుతాయి. ఒకదానికొకటి అడ్డంగా, వజ్రపు గడుల్లా కనిపించాలి. అద్దంలా మెరిసే బోరు చూసి మురిసిపోవద్దు, రింగులు అక్కడ కూర్చోవు.

ఇంటికి తెచ్చాక పెట్రోలుతో కాదు, వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడగాలి. పెట్రోలు హోనింగ్ రాతి పొడిని గీతల్లోంచి లేపలేదు. తెల్ల బట్టతో తుడిస్తే బూడిద రంగు రాని దాకా కడుగుతూనే ఉండాలి. ఆరిన వెంటనే ఆయిల్ పూయండి. వానాకాలంలో కృష్ణ ఒడ్డు గాలికి ఒక్క రాత్రిలో బోరు తుప్పు పడుతుంది, ఆ ఎర్ర పొర తుడిచినా కింద గుంటలు మిగులుతాయి.

రింగు గ్యాపు: రింగు బోరులో పెట్టి పిస్టన్ తలతో సమంగా లోపలికి తోసి ఫీలర్ గేజ్‌తో చూడాలి. 70 బోరుకు 0.28 నుంచి 0.35 మధ్య. తక్కువ ఉంటే సన్నటి ఆకురాయితో ఒక చివరే రుద్దాలి. చాలకపోతే వేడిలో రింగు చివర్లు కలిసి బోరును గీరేస్తాయి.

పిన్ను వేసేటప్పుడు పిస్టన్‌ను మరిగే నీళ్లలో ఉంచి తీయండి, సుత్తి లేకుండా వేళ్లతోనే జారుతుంది. సర్క్లిప్‌లు కొత్తవి, క్రాంక్‌కేసు మూతి గుడ్డతో మూసి. స్కర్టులో చీలిక ఉన్న పిస్టన్ అయితే ఆ చీలిక ముందు వైపుకు, ఎగ్జాస్టు వైపుకు ఉండాలి.

ఉండవల్లి_ట్యాపెట్

హెడ్డు గురించి ఎవరూ అనలేదు.

వాల్వ్ కాడను గైడులో పెట్టి సీటు నుంచి కొంచెం లేపి పక్కలకు ఊపండి. బాగా ఊగితే గైడు మార్చాలి. గైడు మార్చాక సీటు కోయాలి, ఆ తర్వాతే పేస్టుతో రుద్దాలి. ఈ వరుస తప్పితే పేస్టు పని వృథా. రుద్దిన తర్వాత పోర్టులో పెట్రోలు పోసి పది నిమిషాలు చూడండి, సీటు దగ్గర తడి కనిపించకూడదు.

డీకంప్రెసర్ (కిక్కు తేలిక కావడానికి సిలిండర్ ఒత్తిడి వదిలే ఏర్పాటు) మరిచిపోకండి. దాని చిన్న వాల్వ్ సీటు దగ్గర మసి గట్టిపడి ఉంటే, రింగులు వాల్వులు అన్నీ కొత్తవైనా కిక్కులో బలం రాదు. జనం మళ్లీ బ్లాకు విప్పుతారు. కేబుల్‌లో కొంచెం వదులు కూడా ఉండాలి.

మంగళగిరి_ఆర్సీ

ఇంజిన్ పని కాదు, కాగితం పని. క్రాంక్‌కేసు మీద ఇంజిన్ నంబరు ఉన్న ముఖాన్ని ఎమరీతో మెరిపించకండి, ఇసుక కొట్టించకండి. నంబరు అరిగితే ఆర్టీవో దగ్గర కష్టాలు. 1973 బండి కాబట్టి 50 ఏళ్లు దాటింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద రిజిస్ట్రేషన్‌కు అర్హత ఉంటుంది. బండి అసలు రూపంలో ఉండాలనీ, ఛాసీలో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు చేసిన భారీ ఓవర్‌హాల్ జరగకూడదనీ అందులో ఉంది. ఆ దారిలో వెళ్లే ఆలోచన ఉంటే వేరే బండి క్రాంక్‌కేసు వేయొద్దు. ఇంకోటి, వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. అది చూసుకుని నిర్ణయించండి.

పటమట_కిక్కర్

చాలా థ్యాంక్సండీ. రోజువారీ వాడకమే, కాబట్టి మామూలు ఆర్సీతోనే. రోలర్ కిట్ వేయిస్తున్నాం. మెయిన్ బేరింగులు ఇంట్లో మార్చొచ్చా? తర్వాత టైమింగ్, ట్యాపెట్లు, మొదటి స్టార్టు ఎలా చేయాలో ఎవరైనా చెప్పండి.

గుంటూరు_350

బేరింగులు ఇంట్లో మార్చొచ్చు. క్రాంక్‌కేసు సగాన్ని ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దాకా వేడి చేయండి. నీటి చుక్క వేస్తే చుర్రుమని ఎగిరిపోవాలి. చెక్క మీద బోర్లించి తడితే పాతది రాలిపోతుంది, కొత్తదాన్ని ఫ్రీజర్‌లో పెట్టి తీసి వేస్తే తనంత తాను కూర్చుంటుంది. గ్యాస్ పొయ్యి మంట మీద నేరుగా పెట్టొద్దు, ఒకే చోట వేడెక్కి కేసు వంగుతుంది. వంట ఓవెన్ వాడితే ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకోండి, ఆ ఆయిల్ కంపు నెల పాటు పోదు. కొత్త బేరింగు నంబరు పాతదాని ముఖం మీద చూసి అదే తీసుకోండి. రెండు కేసులు కలిపి బిగించాక క్రాంకు వేలితో తిప్పితే తిరగాలి. బిగిస్తున్నకొద్దీ బిగుసుకుపోతుంటే ఆపి విప్పండి.

టైమింగ్ పినియన్, కామ్ పళ్ల మీద చుక్కలు ఎదురెదురుగా కలవాలి. విప్పకముందు ఫోటో తీసుకుని ఉంటే సగం పని అయినట్టే.

బ్రీదర్ చూసుకోండి. క్రాంక్‌కేసు గాలి బయటికే పోవాలి, లోపలికి రాకూడదు. దాని రబ్బరు నోరు గట్టిపడితే లోపల ఒత్తిడి పెరిగి ఎన్ని ప్యాకింగ్‌లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. "బుల్లెట్ అంటే కారాల్సిందే" అనే మాట పుట్టింది దీని వల్లే.

ఉండవల్లి_ట్యాపెట్

ట్యాపెట్లు: ఇంజిన్ పూర్తిగా చల్లగా, పిస్టన్ కంప్రెషన్ పైన. ఫీలర్ గేజ్ అక్కర్లేదు, క్లియరెన్సు సున్నా. పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఊగకూడదు. తిరగకపోతే వాల్వ్ తెరిచే ఉంటుంది, ఎగ్జాస్టు వాల్వ్ కాలిపోతుంది. లాక్‌నట్టు బిగించాక మళ్లీ తిప్పి చూడండి, బిగించేటప్పుడే మారుతుంది.

పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40. గ్యాపు పెట్టాకే ఇగ్నిషన్ టైమింగ్, ముందు కాదు. పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు, ఆటో అడ్వాన్సు (స్పీడును బట్టి స్పార్కును ముందుకు జరిపే ఏర్పాటు) పూర్తిగా వెనక్కు ఉన్నప్పుడు పాయింట్లు అప్పుడే విడిపోవాలి. పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పలచటి కాగితం పెట్టి లాగుతూ తిప్పితే వదిలే క్షణం తెలుస్తుంది. అడ్వాన్సు బరువులు తుప్పుతో ముందుకు ఇరుక్కుపోయి ఉంటే కిక్కు ఎదురు తన్ని కాలు విరగ్గొడుతుంది. వేలితో తిప్పి వదిలితే స్ప్రింగు వెనక్కు లాగాలి. ప్లగ్గు గ్యాపు 0.45 నుంచి 0.50.

హెడ్డు నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో. మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించి, ఆ తర్వాత ట్యాపెట్లు మళ్లీ చూడండి. హెడ్డు దిగితే అవి మారతాయి.

లేత్_బెంచ్_విజయవాడ

మొదటి స్టార్టు. ఆయిల్ ట్యాంకులో 20డబ్ల్యూ-50 ఆయిల్ రెండుంపావు లీటర్లు. పుష్‌రాడ్ దారిలో కొంచెం ఆయిల్ వేయండి, కామ్‌లు మొదటి తిప్పుళ్లలో ఎండిపోకుండా. ప్లగ్గు తీసి, హెడ్డు దగ్గర రాకర్ బాంజో బోల్టు వదులు చేసి, అక్కడ ఆయిల్ బుడగలు లేకుండా వచ్చేదాకా కిక్కు కొడుతూనే ఉండండి. అర్ధ గంట పట్టినా ఓపిక పట్టండి. వచ్చాకే ప్లగ్గు. ప్రైమరీ కేసులో 420 మి.లీ. వేరుగా పోయాలి, చైను బాగా బిగుతుగా ఉన్న చోట 6 మి.మీ. వదులు ఉండాలి.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో అరగంట వదిలేయొద్దు. గాలి తగలక హెడ్డు కాలిపోతుంది, రింగులు కూర్చోవు. రెండు మూడు నిమిషాలు చూసి, ఆయిల్ లీకులు లేకపోతే రోడ్డెక్కండి. మొదటి 500 కి.మీ. టాప్ గేరులో 40, 45 దాటకుండా, యాక్సిలరేటర్ పెంచుతూ తగ్గిస్తూ. ఉండవల్లి నుంచి అమరావతి వైపు కరకట్ట రోడ్డు తెల్లవారుజామున బాగుంటుంది. హైవే వద్దు, పక్క నుంచి లారీ దాటగానే చెయ్యి తిరిగిపోతుంది. ఆయిల్ 50 కి.మీ.కు ఒకసారి, 500కు ఇంకోసారి మార్చండి. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి, పాత రబ్బరు పెట్రోలు పైపు కూడా మార్చండి.

పటమట_కిక్కర్

ఒక్కటి మిగిలింది. బండి నెల రోజులు కదలకపోతే ట్యాంకులో ఆయిల్ తగ్గిపోయినట్టు కనిపిస్తే పోయాలా?

లేత్_బెంచ్_విజయవాడ

పోయొద్దు. అది ఎక్కడికీ పోలేదు, క్రాంక్‌కేసులోకి దిగింది. ఇంకా పోసి స్టార్ట్ చేస్తే పొగ, లీకులు, బ్రీదర్ నుంచి వరద. క్రాంక్‌కేసు కింద డ్రెయిన్ బోల్టు విప్పి శుభ్రమైన గిన్నెలో పట్టి, పొరపాటున ఆయిల్ ట్యాంకు బోల్టు విప్పకుండా చూసుకుని, ఆ ఆయిలే పైన పోసేయండి. వారం రోజులకే లీటరు దిగుతుంటే పంపు డిస్కులు మళ్లీ రుద్దాలి.